మండలాధ్యక్షులవారి గవదలు

"అహర్నిశలు ప్రజల మధ్యనే మసలుతూ, ప్రజల సుఖదుఃఖాలనే కాక ప్రజల రోగాలను సైతం తనవిగా భావించే మన ప్రియతమ మండలాధ్యక్షులు శ్రీ ప్రేమానందం గారు, కొత్తిండ్లపల్లె అంగన్‌వాడీ కేంద్రంలో ఒక చిన్నారిని ఎత్తుకుని ముద్దాడిన సందర్భంలో, ఆ చిన్నారి నుండి గవదబిళ్లల వ్యాధిని స్వీకరించారని తెలియజేయుటకు చింతిస్తున్నాము."

జూన్ నెల రెండో వారంలో ఈ ప్రకటన పేపర్లో వచ్చింది. పక్కనే ఫోటో కూడా వేశారు. ఫోటోలో మండలాధ్యక్షులవారు నవ్వుతున్నారు, చిన్నారి ఏడుస్తోంది. ఆ చిన్నారి మా చెల్లెలు భానుశ్రీ.

మా చెల్లెలికి గవదలు లేవు. అంతకుముందు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. అయితే అచ్చులో వచ్చింది కాబట్టి మా అవ్వ తిరుమలమ్మ దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని దవడలు రెండుసార్లు నొక్కి చూసింది.

"ఏమీ లేదే" అంది.

"పేపర్లో ఉండాది కదమ్మా" అన్నాడు నాయన, ఇంకోసారి నొక్కమన్నట్టు.

మండలాధ్యక్షులవారి గడ్డం కింద వాచినదేమిటో నాకు తెలుసు. ఆ వాపు పుట్టినప్పుడు నేను అక్కడే ఉన్నాను.

అదెలాగంటే, నాకు మొహం నిండా మొటిమలు. మా ప్రసన్నకుమారి అత్త తిరుపతిలో ఒక స్కిన్ క్లినిక్‌లో నర్సు. బళ్లు తెరవకముందే ఒకసారి చూపిద్దామని నన్ను పిలిపించింది. ఆ రోజు మొహానికి తెల్లటి మందు పూసి, అరగంట కదలొద్దని చెప్పి, తెర వెనక మంచం మీద పడుకోబెట్టింది. తర్వాత నేనున్న సంగతే మరిచిపోయింది. నన్ను మరిచిపోవడం అందరికీ సులభం.

కాసేపటికి తెర అవతల ఒక గొంతు వినిపించింది. మా ఊళ్లో ఆ గొంతును మైకులో తప్ప ఎవరూ వినలేదు.

"డాక్టరమ్మా, నాకు రెండు గడ్డాలుండాయి. ప్రజాసేవకు ఒకటి చాలు."

అసలు విషయం ఆయన పి.ఎ. అజ్మల్ గారు వివరించారు. ఎమ్మెల్యే టికెట్టుకు దరఖాస్తు ఇప్పుడు పార్టీ యాప్‌లోనే పెట్టుకోవాలట. ఫోటో పెట్టారట. యాప్ సెల్ఫీ కూడా అడిగిందట. సెల్ఫీ ఇస్తే 'ముఖం సరిపోలలేదు' అని తిప్పికొట్టిందట. పదకొండుసార్లు ప్రయత్నించారట.

"ఏ ఫోటో పెట్టారు?" అని డాక్టరమ్మ అడిగారు.

"ఫ్లెక్సీ ఫోటోనేమ్మా. పదేండ్లుగా అదే. చిత్తూరులో సుల్తాన్ అని ఫ్లెక్సీలు ఏస్తాడు. మొదట్లో గడ్డం కింద కొంచెమే చెరిపినాడు. ఎలక్షనుకు ఎలక్షనుకు ఇంకొంచెం చెరుపుతా వచ్చినాడు."

"మరి ఇప్పటి ఫోటో పెట్టుకుంటే సరిపోతుంది కదా."

దానికి మండలాధ్యక్షులవారే బదులిచ్చారు. ఆ మాటలు ప్రతి ప్రజాప్రతినిధీ గోడకు రాసి పెట్టుకోవాల్సినవి.

"మండలంలో మూడు నూర్ల ఫ్లెక్సీలుండాయమ్మా. జనం ఆ మొహానికే ఓటేసినారు. జనం గెలిపించిన మొహాన్ని మార్చే హక్కు నాకు యాడిది? నా మొహమే మార్చుకోవల్ల."

డాక్టరమ్మ ఓపికగా చెప్పారు. ఇది ఆపరేషన్ కాదు, కోత లేదు, కుట్లు లేవు. గడ్డం కింద చిన్న చిన్న ఇంజెక్షన్లు. ఆ మందు కొవ్వు కణాలను పగలగొడుతుంది, మిగిలిన పని మెల్లగా శరీరమే చూసుకుంటుంది. అయితే ఒక్కసారితో అయ్యేది కాదు. నెలకొక సిట్టింగ్ చొప్పున నాలుగు సిట్టింగులు పట్టొచ్చు. ప్రతిసారీ వారం పది రోజులు వాపు ఉంటుంది, మొద్దుబారినట్టు ఉంటుంది.

"వాపంటే ఎంతమ్మా?"

"కొంతమందికి బోదురుకప్ప గొంతులాగా ఉంటుంది."

"ప్రతిపక్షమోళ్లు సూస్తే?"

"వాళ్లకూ అలాగే కనిపిస్తుంది."

"కరిగిన కొవ్వు తిరిగొచ్చి ఇంకో చోట చేరదు కదా?"

"చేరదు. పోయిన కణాలు పోయినట్టే."

"పార్టీ మారినోళ్ల మాదిరి కాదు సార్" అని అజ్మల్ గారు ధైర్యం చెప్పారు.

తర్వాత ఆయన గడ్డం కింద చుక్కల స్టిక్కరు అంటిస్తున్నానని డాక్టరమ్మ చెప్పారు. సెంటీమీటరుకొక చుక్క, చుక్కకొక పోటు. ఎన్ని చుక్కలని మండలాధ్యక్షులవారు అడిగారు. మీకు ఇరవై నాలుగు పడతాయన్నారు డాక్టరమ్మ.

"మా మండలంలో ఇరవై నాలుగు పంచాయతీలమ్మా" అన్నారాయన.

అప్పటినుంచి సూది దిగిన ప్రతిసారీ ఒక పంచాయతీ పేరు చెప్పసాగారు. మధ్యలో ఒకచోట మెజారిటీ తక్కువని రెండు పోట్లు వేయమన్నారు. అన్నింటికీ సమానంగా వేయాలని డాక్టరమ్మ ఒప్పుకోలేదు. పదకొండో పోటుకు "కొత్తిండ్లపల్లె" అని మా ఊరి పేరు చెప్పి, "అబ్బా" అన్నారు. మా ఊరి కోసం ఆయన బాధపడగా వినడం నాకు అదే మొదటిసారి.

వాళ్లు వెళ్లిపోయాక అత్తకు నేను గుర్తొచ్చాను. తెర తీసి నన్ను చూసి తల పట్టుకుంది.

"రూపా, ఈడ విన్నది ఈడనే వదిలెయ్. బయట ఒక్క మాట పొక్కినా నా ఉద్యోగం పోతాది" అంది.

నేను తలూపాను. బళ్లో హాజరు పిలిచినప్పుడు కూడా పలక్కుండా చెయ్యెత్తే పిల్లనని అత్తకు తెలుసు. అందుకే ధైర్యంగా బస్సెక్కించింది.

ఇక వాపు. మూడో రోజుకు మండలాధ్యక్షులవారి గడ్డం ఆయనకంటే ముందు గదిలోకి రావడం మొదలుపెట్టింది. సరిగ్గా ఆ రోజే మామిడి రైతుల సమావేశానికి ఆయన వెళ్లాలి. వెళ్లలేదు. విలేకరులు ఇంటికొచ్చారు. ఏమైందని అడిగితే అజ్మల్ గారు క్షణం కూడా తడుముకోకుండా గవదలన్నారు. ఎవరి నుంచి వచ్చాయని విలేకరులు అడిగారు. అజ్మల్ గారు ఫోనులో వెతికితే, అన్నిటికన్నా పైన మా చెల్లెలి ఫోటో ఉంది. అంతకుమించి మా ఇంటిమీద వాళ్లకు పగేమీ లేదు.

మా వైపు గవదలొస్తే మెడలో బంగారు గొలుసు వేస్తారు. అరవంలో ఆ జబ్బు పేరులోనే బంగారం ఉంది. కాబట్టి ప్రకటన వచ్చిన పూట నుంచే కార్యకర్తలు ఇళ్లలోని గొలుసులు తీసుకుని బయల్దేరారు. వేయనివాళ్లకు పార్టీ మీద అభిమానం లేదనుకుంటారేమోనని అందరూ వేశారు. డాక్టరమ్మ ఐసు పెట్టమన్న చోట పదిహేడు గొలుసులు చేరాయి. నొప్పికి ఆయన కళ్లలో నీళ్లు తిరిగితే, అభిమానానికి కరిగిపోయారని పేపర్లో రాశారు. మా ఊరి మునెయ్య తాత తన భార్య గొలుసు వేసి, వాపు తగ్గేదాకా దానిమీద చెయ్యి తియ్యనని ఆయన పక్కనే సోఫాలో కూర్చుండిపోయాడు.

ప్రకటన వచ్చిన పొద్దునే మా నాయన తోతాపురి మామిడికాయల ట్రాక్టరుతో గుజ్జు ఫ్యాక్టరీకి వెళ్లాడు. ముందురోజే కోత కోశాం. టోకెను ఆ రోజుకే ఇచ్చారు. మాకున్నది ఆ ఒక్క తోటే, ఏడాదికి ఒక్క కాపే. బెంగళూరు హైవే మీద ఆరు గంటలు వరసలో నిలబడి గేటు దాకా వెళ్తే, వాచ్‌మన్ చేతిలో పేపరుంది.

"యా ఊరన్నా?"

"కొత్తిండ్లపల్లె."

"మునికృష్ణ అంటే నువ్వేనా? ఆ పాప నీ కూతురేనా?"

మా నాయన పేరు పేపర్లో రావడం అదే మొదలు. మా గుజ్జు విదేశాలకు పోతాది, గవదల ఇంటి కాయలు దించితే సరుకంతా వెనక్కొస్తాది అని మేనేజరు చెప్పాడట. నాయన ట్రాక్టరు తిప్పుకుని వచ్చేసరికి మా ఇంటి ముందు ఆరోగ్యశాఖ జీపు నిలబడి ఉంది.

జీపులోంచి సూపర్‌వైజరు శాంతయ్య గారు, మా ఊరి ఏఎన్ఎం రెబెకమ్మ దిగారు. రెబెకమ్మ భానుశ్రీ నోరు తెరిపించింది, టార్చి వేసింది, చెవుల కింద తడిమింది, జ్వరం చూసింది.

"పాపకు ఏమీ లేదు సార్."

"అదే లక్షణం" అన్నారు శాంతయ్య గారు. "ఏమీ లేకుండా అంటిస్తాదన్నమాట."

"సార్, నిజంగానే ఏమీ లేదు."

"చూడమ్మా రెబెకా. పాపకు లేదని రాస్తే సార్‌కు ఎవరిచ్చినట్టు? ఫారంలో 'మూలం' అని ఒక గడి ఉండాది. అది ఖాళీగా పెడితే ఆన్‌లైన్లో ముందుకు పోదు. నా చేతిలో ఏముండాది?"

ఆయన మంచివారు. గడి నింపేటప్పుడు భానుశ్రీకి ఒక చాక్లెట్ కూడా ఇచ్చారు. తర్వాత మా వాకిలి చుట్టూ, ట్రాక్టరుతో సహా, ఎర్ర రిబ్బను కట్టించారు. పద్నాలుగు రోజులు మనుషులు గానీ సరుకు గానీ రిబ్బను దాటకూడదు.

"సార్, మామిడికాయలకు గవదలొస్తాయా?" అని నాయన అడిగాడు.

"రావప్పా. వచ్చినాయని ఎవరన్నా రాస్తే మాత్రం నేను తుడపలేను."

కోసిన కాయలు పేపరు చదవవు. రెండో రోజుకు ట్రాలీ అడుగున కాయలు మెత్తబడ్డాయి. మూడో రోజు మూలలోంచి రసం చుక్కలుగా కారడం మొదలైంది. నాయన ట్రాలీ ఎక్కి, మెత్తబడినవి ఏరి ఒక పక్కన, గట్టివి ఒక పక్కన పెడుతున్నాడు. సాయంత్రానికి గట్టివాటి పక్క చిన్నదైపోయింది. అయినా ఏరుతూనే ఉన్నాడు. అన్నం తినమంటే, "ఈ వరస కానీ" అన్నాడు. ఆ వరస అయ్యేది కాదని మా అందరికీ తెలుసు.

నాకు తెలిసింది ఊళ్లో చెబితే అత్త ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే కాపు పోతుంది. అత్తకు ఇబ్బంది లేకుండా చెప్పుకోదగ్గ మనిషి మండలం మొత్తం మీద ఒక్కరే కనిపించారు. ఆయనకు ఆ సంగతి ముందే తెలుసు.

నాలుగో రోజు పొద్దున అవ్వ దగ్గరికెళ్లి, "సార్ ఇంటికి పోదాం" అన్నాను. నేను అంత పొడుగు మాట చెప్పేసరికి అవ్వ కారణం కూడా అడగలేదు.

"ఈ రిబ్బను మన కోడికే అడ్డం కాలేదు" అంటూ కింద నుంచి దూరింది.

మండలాధ్యక్షులవారి గేటు దగ్గర ఎవరు మీరని అడిగారు. అవ్వ మెడలోని గొలుసు తీసి చూపించింది. లోపలికి పంపించారు.

హాల్లో ఆయన సోఫా మీద కూర్చుని ఉన్నారు. గోడమీద ఫ్లెక్సీలో ఒక గడ్డం నవ్వుతోంది. కింద ఎన్ని గడ్డాలున్నాయో గొలుసుల వల్ల తెలియలేదు. పక్కన మునెయ్య తాత గొలుసు పట్టుకుని నిద్రపోతున్నాడు. అవ్వ తన గొలుసు కూడా వేసి, అలవాటు కొద్దీ వేలితో వాపు నొక్కింది. మండలాధ్యక్షులవారు ఒక రకమైన శబ్దం చేశారు.

"ఇది గవద కాదే" అంది అవ్వ. "గవద చెవి కింద వస్తాది. నేను నలుగురు బిడ్డల్ని పెంచినా. ఇదేందప్పా గొంతు మీదికి వచ్చిండాది?"

"పెద్దోళ్లకు కిందికి దిగతాదవ్వా" అన్నారు అజ్మల్ గారు. "హోదాను బట్టి."

అవ్వ నమ్మలేదు గానీ, హోదా అనేసరికి ఊరుకుంది. ఇప్పుడు పలక్కపోతే ఇక పలకనని తెలుసు. సోఫా దగ్గరికి వెళ్లి, వంగి, ఆయన చెవిలో చెప్పాను.

"సార్, పదకొండో చుక్క మా ఊరిది."

మండలాధ్యక్షులవారి కళ్లు నా వైపు తిరిగాయి. గడ్డం తిరగలేదు. ఆయన చెయ్యెత్తి అందరినీ బయటికి పొమ్మని సైగ చేశారు. మునెయ్య తాతను మాత్రం గొలుసు విడిపించి మోసుకుపోవాల్సి వచ్చింది. అవ్వ వినీ విననట్టు నా వెనకే నిలబడింది.

అజ్మల్ గారు తలుపు వేసి, నా ముందు మోకాళ్ల మీద కూర్చున్నారు.

"ఎవరు చెప్పినారు పాపా?"

నేను తలొంచుకున్నాను.

"సరే, చెప్పొద్దులే. నీకేం కావల్లో అది చెప్పు. సైకిలా? సెల్లా? హాస్టలు సీటా?"

"కాయలు ఫ్యాక్టరీకి పోవల్ల సార్."

"అంతేనా?"

"అంతే."

ఆయన మండలాధ్యక్షులవారి వైపు చూశారు. ఇంత చిన్న కోరికతో ఆ ఇంటికి ఎవరూ వచ్చి ఉండరు. వెంటనే శాంతయ్య గారికి ఫోన్ చేసి, స్పీకరులో పెట్టి, కొత్తిండ్లపల్లెను తీసేయమన్నారు.

"తీసేస్తాను సార్, దాందేముండాది" అన్నారు శాంతయ్య గారు. "మరి మూలం గడిలో ఏం పెట్టమంటారు? ఖాళీగా తీసుకోదు."

"ఐదు నిమిషాలాగు."

అజ్మల్ గారు ఫోనులో ఫోటోలు తెరిచి నా ముందు పెట్టారు. అన్నిట్లోనూ మండలాధ్యక్షులవారే. ప్రతి ఫోటోలోనూ చంకలో ఒక బిడ్డ. పంచాయతీకి ఒకరు చొప్పున, పేర్లు కూడా రాసి ఉన్నాయి. ఏ ఊరినీ ఆయన వదల్లేదు. ప్రజలతో మమేకం కావడమంటే అదీ.

"యా ఊరు పెట్టమంటావు?" అని అడిగారు అజ్మల్ గారు.

నేను ఫోటోల వైపే చూస్తూ నిలబడ్డాను.

"నువ్వు నోరు తెరవనక్కర్లేదు. ఏలు పెట్టు, చాలు."

"వాళ్లకూ కాయలుంటాయి కదా సార్" అన్నాను.

అప్పుడు మండలాధ్యక్షులవారు స్వయంగా మాట్లాడారు. పెదాలు మొద్దుబారినందువల్ల ఒక్కో మాటా కష్టంగా వచ్చింది.

"అందరికీ... సమ... న్యాయం. రొటేషను."

"సార్ చెప్పేది నిజం పాపా" అన్నారు అజ్మల్ గారు. "ఇంకా మూడు సిట్టింగులుండాయి. ఈ నెల కాకపోతే వచ్చే నెల ఆ ఊరికెట్లాగూ వస్తాది. నీవల్ల ఒక నెల ముందొస్తాది, అంతే."

మొదటి ఫోటోలో పాప మా బెంచీ సమీరా చెల్లెలు. దాన్ని జరిపాను. రెండోది మా పిన్ని వాళ్ల ఊరు. దాన్నీ జరిపాను. మూడో ఊళ్లో మాకు పాలు పోసే వాళ్లున్నారు.

"బిన్నా పెట్టుమే. ఆడ రసం కారిపోతాండాది" అని అవ్వ వెనక నుంచి తొందరపెట్టింది.

ఎగువమిట్ట అని రాసి ఉన్న ఫోటో వచ్చింది. ఎగువమిట్టకు నేనెప్పుడూ వెళ్లలేదు. అక్కడ నాకెవరూ తెలియదు. వేలు పెట్టాను.

"బాగుండాది" అన్నారు అజ్మల్ గారు. ఫోనులో శాంతయ్య గారికి ఊరి పేరు, ఇంటిపేరు చెప్పారు. అవతల కీబోర్డు చప్పుడు వినిపించింది. "తీసుకునింది సార్" అన్నారు శాంతయ్య గారు, సంతోషంగా.

మరుసటి రోజు పేపర్లో సవరణ వచ్చింది. వ్యాధి మూలం విషయంలో జరిగిన సాంకేతిక పొరపాటుకు చింతిస్తున్నామని, నిజాన్ని దాచడం మండలాధ్యక్షులవారి స్వభావంలోనే లేదని రాశారు. మా రిబ్బను విప్పి, చుట్టి, జీపులో వేసుకుపోయారు. కొత్త టోకెను మధ్యాహ్నానికే వచ్చింది. నాయన గట్టి కాయలు మళ్లీ ట్రాలీకెత్తాడు. సగం కంటే కొంచెం తక్కువే ఉన్నాయి. ఎందుకు వదిలేశారని ఆయన ఎవరినీ అడగలేదు. నేనూ వస్తానంటే, సరేనని ట్రాక్టరెక్కించుకున్నాడు.

గేటు దగ్గర వాచ్‌మన్ ఆ రోజు పేపరు చూసి, మా ఊరి పేరు చూసి, "పోన్నా, పో" అన్నాడు. మా ముందు లారీ కాటా మీద ఉంది. అందుకని గేటు మధ్యలో కాసేపు ఆగాం.

రోడ్డు పక్కన ఒక ట్రాక్టరు వెనక్కి తిప్పి నిలబెట్టి ఉంది. దాని మనిషి మేనేజరు గది ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ట్రాలీలో కాయల మీద నా ఈడు పిల్ల ఒకతె కూర్చుని ఉంది. నన్ను చాలాసేపు చూసింది. ఆమె కూడా తొందరగా మాట్లాడే రకం కాదు.

"మీది కొత్తిండ్లపల్లెనా?" అంది చివరికి.

తలూపాను.

"మీ చెల్లికి తగ్గిందా?"

"తగ్గింది" అన్నాను.

మా ముందు లారీ కదిలింది. నాయన గేరు వేశాడు.

"మా చంటిదానికి ఇంకా రాలేదు" అంది ఆ పిల్ల.